చింతచెట్టు క్రింది జీపు

పోయిన నెల యీ శీర్షిక క్రింద మేము బోరు మోటారుల గూర్చి నాలుగు మాటలు వ్రాశాము. దానికి వచ్చిన ఉత్తరాలలో రాయదుర్గం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మమ్మల్ని వారం రోజులు వదలలేదు. ఆమెకు మోటారుతో పని లేదు. ఇంటి ముందు చింతచెట్టు క్రింద నిలిచిపోయిన జీపుతోనే పని. భర్త పోయి రెండేండ్లయింది. బెంగుళూరులో వున్న కొడుకు "పాత ఇనుముకు వేసెయ్యమ్మా, దాంతో యేం పని?" అంటున్నాడు. బళ్ళారిలో వున్న మరిది "నాకివ్వండి వదినా, పొలం మీదికి తిప్పుకుంటాను" అంటున్నాడు. ఆమెకు అమ్మడం ఇష్టం లేదు. ఇవ్వడానికి ధైర్యం చాలడం లేదు. "అది యింకా నమ్మదగిన బండేనా? వుంచుకుంటే యేమి చెయ్యాలి? మీ యింట్లోనూ ఒకటి వున్నదని విన్నాను" అని అడిగారు.

నిజమే, మా యింట్లోనూ ఒకటి వున్నది. కాబట్టి యీ నెల సాంబారుపొడి సంగతి వాయిదా వేసి జీపు సంగతి వ్రాస్తున్నాము. ఆడవారి పత్రికలో ఇంజను నూనె కంపేమిటి అని కొందరు ముక్కు చిట్లించవచ్చు. మా అమ్మ ఆ నూనె కంపును పసిగట్టి ఒకసారి మా ప్రాణాలు కాపాడింది. ఆ కథ ముందు వస్తుంది.

మన జిల్లాకు జీపు అన్నది మోజు కొద్దీ వచ్చిన బండి కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం యేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి ఇటు మైసూరులో చేరింది. చుట్టాలు మాత్రం గీతకు అటూ ఇటూ అట్లే వుండిపోయారు. ఆ యేడాదే తుంగభద్ర ఆనకట్టలో నీళ్ళు నిలిచాయి. తరువాత కోస్తా జిల్లాల రైతులు వచ్చి సిరుగుప్ప, కంప్లి, గంగావతి వైపు క్యాంపులు వేసుకున్నారు. ఒక ప్రక్క సండూరు కొండల ఎర్ర దుమ్ము, ఇంకొక ప్రక్క వాన చినుకు పడితే అడుగు తీసి అడుగు వెయ్యనివ్వని నల్లరేగడి. యీ రెండింటి నడుమ పెండ్లికీ చావుకీ పోయి రావాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి కావలసి వచ్చింది. మహీంద్రా వారు విల్లీస్ జీపులను తెచ్చి బొంబాయిలో కూర్చడం 1940ల చివరలోనే మొదలుపెట్టారు. అవి పెట్రోలు బండ్లు. గనుల వారికీ సర్కారు వారికీ తప్ప సంసారులకు ఆ ఖర్చు కుదిరేది కాదు. డీజిల్ ఇంజను వచ్చిన తరువాతనే జీపు మన వాకిళ్ళలోకి వచ్చింది.

మాది 1991లో నాయన కొన్న ఎం.ఎం. 540. కె.ఏ. 34 నంబరు. ఫ్రెంచి వారి ప్యూజో నమూనా డీజిల్ ఇంజను, 2112 సి.సి., నాలుగు సిలిండర్లు. ఈనాటి పిల్లలు చూస్తే నవ్వుతారు. కిటికీ అద్దాలు లేవు, గుడ్డ టాపు, స్టీరింగు తిప్పాలంటే భుజబలం కావాలి. కాని దానిలో కంప్యూటరు అన్నది లేదు. డీజిల్, గాలి, ఆ రెంటినీ నొక్కే బలం. యీ మూడూ వుంటే ఇంజను నడుస్తుంది. పెట్రోలు బండికి వలె నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని 20 వంతులకు పైగా కుదించేసరికి అది తనంత తానే కాగిపోయి, చిమ్మిన డీజిల్‌ను మండిస్తుంది. పుష్యమాసపు తెల్లవారు జామున మాత్రం హీటరు ప్లగ్గులను కాసేపు కాగనిచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ఆ కాసేపు ఓర్చుకోలేక సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి బ్యాటరీని చంపిన మహానుభావులు మా యింట్లోనే ఇద్దరున్నారు.

మా బండిని మొదటి నుండీ చూసే మేస్త్రీ ఒకరున్నారు. ఆయన షెడ్డుకు బోర్డు లేదు, చిరునామా లేదు, వేపచెట్టే గుర్తు. ఆయన మాటల్లో సగం తెలుగు, పావు కన్నడం, పావు ఉర్దూ. నాయనతో ఒకసారి అన్న మాట మాకు యిప్పటికీ గుర్తు: "బండి సెప్తానే వుంటాది సామీ. మీరే యినేది ల్యా."

బండి చెప్పే మొదటి మాట పొగ. పొద్దున్న స్టార్టు చేసినప్పుడు కాసేపు తెల్లపొగ వచ్చి తగ్గిపోతే బెంగ లేదు. నల్లపొగ ఆగకుండా వస్తే డీజిల్ ఎక్కువయిందో, గాలి తక్కువయిందో చూడాలి. నీలిపొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నది, అది ఖర్చు మాట.

మన జిల్లాలో నూటికి తొంభై పాళ్ళు గాలి దగ్గరే వస్తుంది తగువు. 2000 సంవత్సరం దాటిన తరువాత గనుల జోరు పెరిగి, హొస్పేట, సండూరు, తోరణగల్లు దారుల్లో లారీలు బారులు తీరిన రోజులు పాఠకులు మరచి వుండరు. చెట్ల ఆకులు కూడా ఎర్రగా వుండేవి. 2011 జూలైలో సుప్రీం కోర్టు మన జిల్లాలో తవ్వకాలు నిలిపివేసిన తరువాత కొన్నాళ్ళకు మేము మొదటిసారి ఆ ఆకుల పచ్చదనం చూశామంటే అతిశయోక్తి కాదు. ఆ దుమ్ము యినుప దుమ్ము. ముగ్గుపిండి వలె మెత్తన, ఆకురాయి వలె కఠినం. ఇంజనులోకి పోతే పిస్టన్లనూ లైనర్లనూ రాచి రాచి అరగదీస్తుంది.

పాత జీపులకు గాలి వడపోసేది ఆయిల్ బాత్ క్లీనరు. క్రింద ఒక గిన్నె, అందులో గీత వరకు నూనె. లోపలికి వచ్చే గాలి ఆ నూనె మీద తగిలి మలుపు తిరిగేటప్పుడు దుమ్ము నూనెలో పడిపోతుంది, మిగిలినది పైనున్న తీగజాలి పట్టుకుంటుంది. గిన్నె విప్పి చూస్తే అడుగున ఎర్రటి పచ్చడి వలె పేరుకుని వుంటుంది. ఊళ్ళలో తిరిగే బండికి నెలకొకసారి చాలు. సండూరు వైపు తిరిగే బండికి మేము వారానికొకసారి కడిగేవాళ్ళం. మా నాయన ఆదివారం తలంటు అయిన తరువాత చేసే మొదటి పని అదే. పంచె కట్టుకుని, డీజిల్‌తో గిన్నె తోమి, గీత వరకే నూనె పోసి పెట్టేవారు.

గీత వరకే అన్న మాటను నొక్కి చెబుతున్నాము. ఎక్కువ పోస్తే మంచిదే కదా అని మా చిన్నాయన ఒకసారి గిన్నె నిండా పోశాడు. డీజిల్ ఇంజనుకు నూనె కూడా ఆహారమే. ఆ నూనెను గాలితో పాటు పీల్చుకుని ఇంజను తనంత తానే పరుగు అందుకున్నది. తాళం తీసినా ఆగలేదు, పంపు వైరు లాగినా ఆగలేదు. వాకిలంతా పొగ, చిన్నాయన దూరంగా నిలబడి దండాలు పెడుతున్నాడు. నాయన ఎక్కి, బ్రేకు గట్టిగా త్రొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలేసేసరికి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. గాలి పోయే దారిని మందపాటి గోనెతో మూసినా ఆగుతుందట, చెయ్యి మాత్రం అడ్డు పెట్టరాదు. ఆ రోజు నుండి చిన్నాయన మా యింట కాఫీ కూడా గీత వరకే తాగుతాడని అక్కయ్య వేళాకోళం.

గాలి తరువాత డీజిల్. క్యాంపుల్లో డీజిల్‌ను డ్రమ్ముల్లో నిలువ చేసే అలవాటు యింకా వున్నది. డ్రమ్ములో నీరు చేరుతుంది, నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది, చివర చివర మనం తోడేది ఆ నీటినే. అది పంపులోకీ నాజిల్లోకీ పోతే వేల రూపాయల మాట. ఫిల్టరు అడుగున వుండే చిన్న మర విప్పి పది రోజులకొకసారి నీరు వదిలితే సరిపోతుంది. డీజిల్ పూర్తిగా అయిపోయేవరకు నడిపితే గొట్టాల్లో గాలి చేరి ఎయిర్ లాక్ అవుతుంది. అప్పుడు డీజిల్ పోసినా బండి కదలదు. ఫిల్టరు మీది మర కొంచెం వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి నిండు డీజిల్ వచ్చేవరకు వుండి మర బిగించాలి. అప్పటికీ కాకపోతే నాజిళ్ళ దగ్గర నట్లు సడలించి సెల్ఫ్ కొట్టి గాలి తీయాలి. ఈ పని మా అక్కయ్య చేస్తుంది. ఒక 14 నంబరు పానా, ఒక పాత గుడ్డ, పది నిమిషాలు. తెక్కలకోట దగ్గర రాత్రి తొమ్మిదింటికి ఆమె టార్చి నోట కరచుకుని గాలి తీస్తుంటే, ఆగి సాయం చేయబోయిన లారీ డ్రైవరు "మీరు యాడ నేర్చినారమ్మా?" అని నోరు తెరిచాడు.

డీజిల్ గూర్చి యింకొక మాట. మా బండి కొన్న రోజుల్లో దేశంలో దొరికే డీజిల్‌లో గంధకం నూటికి ఒక వంతు వరకు వుండవచ్చునన్న లెక్క. అది ఆమ్లమై ఇంజను నూనెను చెడగొట్టేది. అందుకే ఆనాటి వారు నూనె తొందర తొందరగా మార్చేవారు. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా దొరికేది బి.ఎస్. 6 డీజిల్, దానిలో గంధకం పది లక్షల వంతులకు పది వంతులు మించదు. గంధకం తీసివేసే పనిలో డీజిల్‌కు వుండే జారుడు గుణం కూడా తగ్గుతుంది, పాత పంపులు అరిగిపోతాయి అని కొందరు ట్యాంకులో టూ-స్ట్రోక్ నూనె కలుపుతున్నారు. మాకు అది అనవసరమనిపిస్తుంది. ఆ గుణం తగ్గకుండా మందు కలిపే బంకుకు పంపుతారు. ఆ డబ్బుతో మంచి ఫిల్టరు కొనుక్కోవచ్చు. ఇంజను నూనె మాత్రం మేము యిప్పటికీ 4 వేల కిలోమీటర్లకు మారుస్తాము. అది శాస్త్రమని కాదు, మన దుమ్ము అటువంటిది.

ఎండాకాలం సంగతి మన జిల్లా వారికి చెప్పనక్కరలేదు. బళ్ళారిలో నాలుగు కాలాలూ వేసవే అన్న మోటు మాట వున్నదే వున్నది. రేడియేటరులో బోరు నీళ్ళు పోస్తే మన కాఫీ గిన్నెలకు పట్టిన తెల్లటి పాచియే దాని గొట్టాలకూ పడుతుంది. వాన నీరో, శుద్ధి చేసిన నీరో కూలెంటు కలిపి పొయ్యాలి. ఇంకొకటి, మన మేస్త్రీలు చాలామంది ఇంజను వేడెక్కుతున్నదనగానే థర్మోస్టాటు పీకి పారేస్తారు. మా మేస్త్రీ కూడా పీకాడు. ఇంజనుకు ఎక్కువ వేడి యెంత చెరుపో, కావలసిన వేడి చేరకపోవడం అంతే చెరుపు. పొగా ఎక్కువ, డీజిలూ ఎక్కువ, అరుగుడూ ఎక్కువ. తిరిగి వేయించడానికి మేము ఆయనతో మూడు నెలలు పోట్లాడాము. ఆయన మా మీద జాలిపడి వేశాడు, ఒప్పుకుని కాదు.

ఇప్పుడు అమ్మ కథ. జీపుల్లో బ్రేకు త్రొక్కడానికి బలం కావాలి. నాయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చిన తరువాత మేస్త్రీ బూస్టరు అమర్చాడు. పెట్రోలు ఇంజను పీల్చే గాలిలోనే బూస్టరుకు కావలసిన శూన్యం దొరుకుతుంది. డీజిల్ ఇంజనుకు అది వుండదు. అందుకని ఆల్టర్నేటరు వెనుక ఒక చిన్న పంపు బిగిస్తారు, దానికి ఇంజను నూనెను ఒక రబ్బరు గొట్టం తెచ్చి యిస్తుంది. చిటికెన వ్రేలంత గొట్టం. దాన్ని యేడాదికొకసారి మార్చాలని మేస్త్రీ చెప్పనూ చెప్పాడు, మేము విననూ విన్నాము. మార్చలేదు.

కార్తీక మాసంలో సండూరు కుమారస్వామి గుడికి పోయి కొండ దిగుతున్నాము. నాయన నడుపుతున్నారు, వెనుక సీటులో అమ్మ, చిన్నమ్మ, పిల్లలు. "యేందో పెనం మాడినట్ల వాసన" అన్నది అమ్మ. మేమెవరమూ పట్టించుకోలేదు. క్రింద అడవిలో యెవరో మంట వేసి వుంటారన్నాము. అమ్మ మళ్ళీ అన్నది: "అడవి వాసన నాకు తెలుసు. ఇది నూనె." నాయన కంటిముందు నూనె దీపం అప్పటికి ఎర్రగా వెలిగింది. గొట్టం పగిలి నూనె అంతా సైలెన్సరు మీద కారిపోతున్నది.

ఇక్కడే వున్నది చిక్కు. నూనె లేకుండా ఇంజను నడిపితే పట్టుకుపోతుంది. ఇంజను ఆపితే పంపు ఆగుతుంది, బూస్టరులో మిగిలిన శూన్యం ఒకటి రెండు త్రొక్కులకే చాలుతుంది, ఆ తరువాత బ్రేకు రాయి వలె బిగుసుకుంటుంది. ముందు మలుపు, ప్రక్కన లోయ. నాయన బ్రేకును పదే పదే త్రొక్కలేదు. మొదటి గేరు వేసి, కొండ వైపుకు కోసి, ఒక్క త్రొక్కు త్రొక్కి పట్టుకుని, బండి నిలిచిన తరువాత గేరులోనే ఇంజను ఆపారు. మేము దిగి చక్రాలకు రాళ్ళు పెట్టాము. నాయన చేతులు వణుకుతుండడం మేము చూసింది ఆ ఒక్కసారే. అమ్మ ఫ్లాస్కు తీసి ఆయనకు కాఫీ పోసింది, "నేను చెప్తే యెవరు యింటారు" అని మాత్రం అన్నది.

ఇంజను దక్కింది. గొట్టం వెల కాఫీల ఖర్చంత. ఆనాటి నుండి ప్రతి ఉగాదికి ఆ గొట్టం మారుస్తున్నాము, బట్టలు కొన్నా కొనకపోయినా. రాయదుర్గం సోదరి బండికి బూస్టరు వుంటే మొదట చూడవలసింది అదే. రెండేండ్లు నిలిచిన బండిలో రబ్బరు యెండకు గట్టిపడి పగుళ్ళు విచ్చి వుంటుంది. నూనె గొట్టం, డీజిల్ గొట్టాలు, బ్రేకు గొట్టాలు, ఫ్యాను బెల్టు అన్నీ మార్చవలసిందే.

నాలుగు చక్రాల గేరు సంగతి చాలామందికి తెలియదు, తెలియకనే పాడుచేస్తారు. పెద్ద గేరు కర్ర ప్రక్కన రెండు చిన్న కర్రలు వుంటాయి. ఒకటి ముందు చక్రాలకు బలం కలుపుతుంది, రెండవది లో గేరు, బండి వేగం రెండున్నర వంతులు తగ్గి లాగుడు ఆ మేరకు పెరుగుతుంది. ముందు చక్రాలను కలపకుండా లో గేరు పడదు, బలవంతం చెయ్యరాదు. ఎండిన తారు రోడ్డు మీద ముందు చక్రాలు కలిపి నడపరాదు. మలుపులో ముందు చక్రాలూ వెనుక చక్రాలూ ఒకే దూరం తిరగవు. బురదలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది, తారు మీద సర్దుకునే చోటు లేక ఆ మెలి అంతా జాయింట్ల మీదా గేర్ల మీదా పడుతుంది. మరొక విధంగా, ఆ గేరును యేండ్ల తరబడి వాడకుండా వుంచినా బిగుసుకుపోతుంది. నెలకొకసారి పొలం బాటలో కలిపి నాలుగు అడుగులు నడపడం మంచిది. జాయింటు క్రాసులకూ కమాను పట్టీల పిన్నులకూ గ్రీజు కొట్టించడం మరవరాదు, అది యెవరికీ కనపడని పని కాబట్టే అందరూ మరుస్తారు.

2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వచ్చిన వరదలు మన ప్రాంతం వారెవరూ మరువలేనివి. ఉత్తర కర్ణాటకమంతా మునిగింది, అటు కర్నూలు మునిగింది. మా అక్కయ్య అప్పుడు సిరుగుప్ప దగ్గర ఒక క్యాంపులో వున్నది, యేడవ నెల. బావ ఫోనులో "నీళ్ళు గడప దాకా వచ్చినాయి మామా, ట్రాక్టరు మొండికేసింది" అని ఒక్క మాట చెప్పాడు, ఫోను తెగిపోయింది. నాయనా, చిన్నాయనా, మేమూ బయలుదేరాము.

కాలువ గట్టు దాటిన తరువాత దారి కనపడలేదు, దారి వెంబడి తుమ్మచెట్ల వరుసే ఆనవాలు. మోకాలి లోతు నీరు. చిన్నాయన ముందు కర్రతో లోతు చూసుకుంటూ నడిచాడు. నాయన ఫ్యాను బెల్టు విప్పారు. ఫ్యాను తిరిగితే నీటిని ఇంజను మీదికీ గాలి గొట్టం మీదికీ చిమ్ముతుంది. డీజిల్ బండికి తడిస్తే ఆగిపోయే ప్లగ్గులు లేవు, కాని గాలితో పాటు నీళ్ళు పీల్చుకుంటే నీరు కుదించుకోదు కాబట్టి లోపలి రాడ్లు వంగిపోతాయి. బెల్టు విప్పితే నీటి పంపూ తిరగదు, అందువల్ల ఆ కాస్త దూరం దాటగానే మళ్ళీ వేసుకోవాలి. లో గేరులో, ఇంజను మోత మారనివ్వకుండా, నడిచే మనిషి వేగంతో దాటించారు. ఆ ఒక ఫర్లాంగు మాకు యిప్పటికీ కలలోకి వస్తుంది. అక్కయ్యను మంచం పట్టి తెచ్చి ముందు సీటులో కూర్చోబెట్టాము. తిరిగి వచ్చేటప్పుడు రేగడిలో ఒకసారి దిగబడింది. అత్తగారి గోనెసంచులు చక్రాల క్రింద వేసి లేపాము. ఆమె ఆ సంచుల లెక్క యిప్పటికీ అడుగుతుంది.

ఆ పిల్లవాడు యిప్పుడు మీసాలు దువ్వుతున్నాడు. జీపును ఇనుముకు వేద్దామన్న మాట మా యింట్లో మొదట అన్నవాడు వాడే.

అయితే ఆ ప్రయాణంలో తప్పు కూడా చేశాము. బండి మమ్మల్ని తెచ్చింది కదా అని మూడు వారాలు అట్లే నడిపాము. మేస్త్రీ వెనుక ఇరుసు మర విప్పితే నూనె బదులు మజ్జిగ వంటిది కారింది. వేడిగా వున్న ఇరుసు చల్లటి నీళ్ళలో దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకుని సీళ్ళ గుండా నీటిని పీల్చుకుంటుందట. బేరింగు పోయింది. నీళ్ళలో దిగిన బండికి మరునాడే ఇరుసుల నూనె, గేరు పెట్టె నూనె చూడాలి. డ్రమ్ము బ్రేకులను నీళ్ళు దాటగానే మెల్లగా త్రొక్కుతూ ఆరబెట్టుకోవాలి.

ఇక కాగితాలు. సోదరి ఉత్తరంలో మాకు అన్నింటికన్నా భయం కలిగించింది ఒక చిన్న వాక్యం: "ఆర్.సి. యింకా ఆయన పేరు మీదనే వున్నది." ఇంజను చెడితే మేస్త్రీ వున్నాడు. ఇది చెడితే కోర్టే దిక్కు. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం యజమాని పోయిన 30 రోజుల లోపల వారసులు రవాణా ఆఫీసుకు తెలియజెయ్యాలి, 3 నెలల లోపల పేరు మార్పుకు అర్జీ పెట్టాలి. గడువు దాటితే అపరాధపు రుసుము పడవచ్చు, కాని పని ఆగదు. మరణ పత్రం, వారసుల పత్రం, మిగిలిన వారసుల ఒప్పుదల కాగితం, యిన్సూరెన్సు వుండాలి. యిన్సూరెన్సు కూడా ఆమె పేరుకు మారాలి. పోయిన మనిషి పేరు మీద బండి తిరుగుతూ యెవరికైనా దెబ్బ తగిలితే, కంపెనీ తగువు పెట్టుకోవచ్చు, ఆ నష్టం యిల్లు మీదికి రావచ్చు. మా నాయన పోయినప్పుడు మేమూ యీ పనిని ఆర్నెల్లు నాన్చాము. ఆ సంతకంతో ఆయన నిజంగా పోయినట్లు అవుతుందని అమ్మకు బెంగ, మాకూ అంతే. చివరకు అమ్మే ఒక సోమవారం నాడు "పదండి, పోదాం" అన్నది.

పేరు మారిన తరువాత రెండవ సంగతి. సొంత బండికి ఆర్.సి. 15 యేండ్లు చెల్లుతుంది, ఆ పిదప బండిని చూపించి 5 యేండ్లకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి కార్లు జీపుల తరహాకు ఆ రుసుము 600 నుండి 5 వేలయింది. 2025లో 20 యేండ్లు దాటిన వాటికి 10 వేలు చేశారు. బరువే, కాని పాత బండిని వయసును చూసి మాత్రమే తూకానికి వెయ్యాలన్న నియమం మన వైపు లేదు. కొడుకు ఢిల్లీ వార్తలు చదివి బెదిరించి వుంటాడు. 10 యేండ్లు దాటిన డీజిల్ బండ్లను అక్కడ తిరగనివ్వరాదన్న 2018 నాటి సుప్రీం కోర్టు ఆజ్ఞ ఢిల్లీ చుట్టుప్రక్కల ప్రాంతానికి చెందినది.

మూడవది మరిదిగారి సంగతి. రాయదుర్గం నుండి బళ్ళారి గంటన్నర దారి, కాని రాష్ట్రం వేరు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి వుంచితే అక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి మొదట ఆంధ్ర వైపు ఆఫీసు నుండి అభ్యంతరం లేదన్న పత్రం, తరువాత కర్ణాటక పన్ను. చుట్టరికం మీద "తీసుకుపో నాయనా" అని తాళం చేతిలో పెట్టి, కాగితం తన పేర వుంచుకోవడం మాత్రం చెయ్యవద్దని ఆ సోదరికి గట్టిగా చెబుతున్నాము. మరిది మంచివాడే కావచ్చు. నడిపేది అతను, బోనులో నిలబడేది ఆమె అవుతుంది.

ఇక అసలు ప్రశ్న, నమ్మదగినదేనా? రెండేండ్లు నిలిచిన బండిని తాళం తిప్పి చూడవద్దు. పాత డీజిల్ దింపి ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు, నూనెలు, గొట్టాలు, బ్రేకు నూనె మార్పించి, బ్యాటరీ పెట్టి, అప్పుడు స్టార్టు చేయించాలి. ఎలుకలు వైర్లు కొరికి వుంటాయి, చింతచెట్టు క్రింద అయితే తప్పదు. చల్లని ఇంజను తేలికగా అందుకుని, కాసేపటికి పొగ తగ్గి, నూనె పోసే మూత తీసినప్పుడు బుసబుసమని ఆవిరి కొట్టకపోతే ఇంజనులో బలమున్నట్లే. చాసిస్ మీద, కమాన్లు తగిలే చోట పగుళ్ళు వున్నాయేమో పడుకుని చూడాలి. మన పొడి గాలికి తుప్పు తక్కువ, అది మన ప్రాంతపు బండ్లకు దేవుడిచ్చిన వరం. ఇంజను తిరిగి కట్టించవలసి వస్తే మాత్రం రోజూ అవసరముంటేనే ఆ ఖర్చుకు దిగాలి. లేకుంటే జీపులంటే ప్రాణమిచ్చే కుర్రవాళ్ళు చాలామంది వున్నారు, ఇనుము ధరకు రెండు మూడింతలు యిచ్చి కొంటారు. తూకం వాడికి వేసే ముందు వారికి చూపించడం మేలు.

ఇవన్నీ చేసి, దూర ప్రయాణాలకు కాక, పొలానికీ గుడికీ పక్క ఊరి పెండ్లికీ వాడుకుంటే యింకొక పదేండ్లు నడవడానికి అడ్డేమీ మాకు కనపడదు. మా దానికి మొన్ననే క్లచ్ ప్లేటు వేయించాము. మేస్త్రీకి చూపు తగ్గింది, అయినా మర బిగుతు చెవితో వినే చెబుతాడు. ఆయన కొడుకు చేతిలో కంప్యూటరు వున్నది, కొత్త బండ్లకు అది తగిలించి చూస్తాడు. మా జీపుకు తగిలించడానికి చోటే లేదని నవ్వుతాడు.

రాయదుర్గం సోదరి వచ్చే నెల బళ్ళారికి వస్తామని వ్రాశారు. వచ్చేటప్పుడు ఆర్.సి. పుస్తకం, మరణ పత్రం నకలు వెంట తెచ్చుకోవలసినదిగా కోరుతున్నాము. కొడుకును కూడా తీసుకురమ్మనండి. మా వాణ్ణి ఆదివారం ఎయిర్ క్లీనరు గిన్నె కడగడానికి కూర్చోబెట్టాము, ఇద్దరూ కలిసి కడుగుతారు.

సాంబారుపొడి వచ్చే సంచికలో.